తవుడు బేరం

గుర్రం పరుగెడుతున్నట్టే ఉంది చప్పుడు, టకటక టకటక, కానీ ఎక్కడా దూకడం లేదు, గట్టు గానీ కాలువ గానీ అడ్డం రాని చదును పొలంలో ఒకే వేగంతో పోతున్న గుర్రం, అలా ఒకే వేగంతో పోవడమే మంచిది కాదట. పొట్ట చుట్టూ రెండు బెల్టులు బిగించి, చల్లటి జెల్ రాసి, మిషన్ శబ్దం పెంచుతూ మిడ్‌వైఫ్ చెప్పింది: కదిలే బిడ్డ గుండె అప్పుడప్పుడూ ఎగరాలి, కాగితం మీద గీత చిన్న గుట్టలా లేవాలి. "నిద్రపోతోందేమో. కాసేపు చూద్దాం. అప్పటికీ లేవకపోతే డాక్టర్ వచ్చి నిర్ణయిస్తారు." ఏమని నిర్ణయిస్తారో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు, మాస్కు పైన కనిపించే రెండు కళ్ళలో ఏమీ తెలియలేదు, ఏడాదిగా ఈ ఊళ్ళో నాకు పరిచయమైన ముఖాలన్నీ సగం ముఖాలే. నిర్ణయమంటే ఇవాళే కోసి తీయడం. ఎనిమిదో నెలలో. ఏడో నెల పిల్ల బతుకుతుందట, ఎనిమిదో నెల పిల్లే బతకదట, నరసాపురంలో మా వీధి ఆడవాళ్ళంతా పరీక్షలో నెగ్గినంత ధీమాగా చెప్పే మాట, తప్పుడు మాట, సైన్సు ఎప్పుడో కొట్టేసిన మాట, నాకు తెలుసు, తెలిసినంతమాత్రాన అది తలలోంచి పోదు, తలలో వెనకవైపు ఒక గది ఉంటుంది, అక్కడ స్విచ్ వేసినా లైటు వెలగదు.

పొద్దున్నించి కదల్లేదు. అసలు కదల్లేదా, కదిలినా నేను చూసుకోలేదా. రోజూ టీ తాగగానే కుడివైపు ఒక్క తన్ను, కప్పు కింద పెట్టెయ్ అన్నట్టు. ఇవాళ టీ తాగాను, ల్యాప్‌టాప్ తెరిచాను, తెరమీద చిన్నచిన్న డబ్బాల్లో ముఖాలు, ఎవరో మ్యూట్ తీయకుండా మాట్లాడుతున్నారు, అందరూ చెయ్యి చెవి దగ్గర పెట్టి వినపడలేదంటున్నారు, అప్పుడు గుర్తొచ్చింది, లోపల కూడా ఎవరో మ్యూట్‌లో ఉన్నారని. మా ఆయన నథానియేల్ కారు తీశాడు. ఆసుపత్రి గేటు దగ్గర ప్లాస్టిక్ గౌను వేసుకున్న మనిషి ఆయన్ని ఆపేశాడు, పరీక్షలకు భర్తలు రాకూడదు, నొప్పులు బాగా ముదిరాకే రానిస్తారు, ఈ కరోనా రోజుల్లో అదే రూలు. నేను ఒక్కదాన్నే లోపలికొచ్చాను, ఆయన పార్కింగ్‌లో ఉన్నాడు. ఫోన్ వణికింది. "ఏమంటున్నారు?" చూద్దామంటున్నారు అని కొట్టాను. "చూద్దామంటే ఏంటి?" చూద్దామంటే చూద్దామనండీ. "సాక్స్ వేసుకున్నావా? మూడో వరసలో ఉన్నాను, కిటికీలోంచి కనిపిస్తున్నానా?" పడుకున్నచోటి నుంచి కిటికీలో కనిపించేది ఒక పొగగొట్టం, ఫిబ్రవరి ఆకాశం, అంతే. కనిపిస్తున్నారు అని కొట్టాను.

టకటక టకటక. చదును.

"ఇది మొదటి బిడ్డా?" అని లోపలికి రాగానే అడిగింది మిడ్‌వైఫ్. అవునన్నాను. ఆలోచించకుండా, నోట్లో ముందే పెట్టుకున్న మాటలా వచ్చేసింది. అమ్మ నేర్పింది. మా అమ్మ ఏసుకుమారి ఆదివారం బడిలో పిల్లలకు వాక్యాలు కంఠతా పట్టించే మనిషి, దిష్టి అనే మాట నోటితో అనదు, కానీ ఫోన్‌లో అంది, "ఎవరన్నా అడిగితే మొదటి కాన్పనే చెప్పు సూజీ. పోయినదాన్ని లెక్కలో ఎయ్యకు. ఏస్తే ఉన్నదాన్ని తీసుకెళ్ళి దాని పక్కన కూర్చోబెట్టినట్టవుద్ది." అలాగేనన్నాను. ఆ తర్వాత మిడ్‌వైఫ్ నా సంచీలోంచి ముటర్‌పాస్ తీసింది, గర్భిణీల దగ్గర ఎప్పుడూ ఉండాల్సిన ఆ నీలం పుస్తకం, పేజీ తిప్పింది, ఒక్కచోట ఆగింది, నా వైపు చూసింది. బెల్టు ఇంకొంచెం బిగించింది. బిగించిన చెయ్యి మాత్రం మెత్తబడింది. ఆ మెత్తదనమే నన్ను భయపెడుతోంది.

తవుడు తినకుండా ఉండాల్సింది. ఇదిగో, వచ్చేసింది, ఆ గదిలోంచి, లైటు వెలగని గదిలోంచి. ఒక ఆలోచన ఎందుకొస్తుందో తెలుసుకోవడం నాకు చదువుకునే రోజుల నుంచీ అలవాటు, భయానికి కారణం దొరకనప్పుడు మనసు ఏదో ఒకటి పట్టుకుంటుంది, కారణమే లేకపోవడం కంటే పిచ్చి కారణమైనా నయం దానికి, ఇదంతా నాకు వచ్చు, ఇంకొకరికైతే చక్కగా వివరించి చెప్పగలను. అయినా తవుడు తినకుండా ఉండాల్సింది.

ఫ్రావ్ గుర్విచ్ ఇచ్చిన తవుడు. మా ఎదురింటి ఫ్రావ్ గుర్విచ్, ఫ్రావ్ అంటే ఇక్కడ శ్రీమతి లాంటి మాట, మూడో అంతస్తు, చెర్నివ్‌త్సీ అనే ఊరి నుంచి ఎప్పుడో తొంభైల్లో ఈ డ్యూసెల్‌డార్ఫ్ వచ్చేసిన యూదు ముసలావిడ, అక్కడ బతుకంతా మందుల షాపులో కూర్చున్న మనిషి. లాక్‌డౌన్ మొదలయ్యాక ఆమె తన గుమ్మంలో కుర్చీ వేసుకునేది, నేను నా గుమ్మంలో, మధ్యలో మెట్లు, ఇద్దరికీ మాస్కులు, నా జర్మన్ ఆఫీసు జర్మన్, ఆమెది ఏ కాలానిదో పాత జర్మన్, మాటలు మెట్ల మీదుగా కిందిదాకా దొర్లి పోయి మళ్ళీ పైకొచ్చేవి. ఆదివారం నేను ఆన్‌లైన్ ఆరాధన వింటూంటే మెట్లకవతల నుంచి విని మర్నాడు అనేది, "మీవాడు మా వాళ్ళబ్బాయే, గుర్తుంచుకో. అమ్మ మాట విని ఉంటే బాగుపడేవాడు." రెండోసారి కడుపుతో ఉన్నానని ఆమెకి చెప్పినప్పుడు అభినందించలేదు. "ఏమీ కొనకు. మంచం వద్దు, బట్టలు వద్దు, పేరు వద్దు. మాలో పుట్టేదాకా ఏమీ తేరు." మొదటిసారి అన్నీ కొన్నాం. పేరు కూడా పెట్టాం, కడుపులో ఉండగానే, ఫెలిషా అని, అంటే సంతోషం. ఆ మంచం విప్పి కింద సెల్లార్‌లో పెట్టాడు నథానియేల్, స్క్రూలన్నీ ఒక కవరులో వేసి మంచానికే కట్టాడు, ఎందుకో ఆ కవరు నాకు మంచం కంటే ఎక్కువ గుర్తొస్తుంది.

మా నాయనమ్మకి బాప్తిస్మంలో పెట్టిన పేరు మార్తమ్మ, ఊరంతా పిలిచిన పేరు తవుడమ్మ. ఆమెకి ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కలేదు. అందుకని ఆమె పుట్టగానే చేటలో పడుకోబెట్టి, పక్కింటావిడకి గుప్పెడు తవుడుకి అమ్మేసి, మళ్ళీ ఆవిడ దగ్గర కొనుక్కున్నారు. అంత చవక సరుకుని ఎవరెత్తుకుపోతారని. పాదిరిగారు కోప్పడ్డారట, అన్యుల ఆచారమని, వాళ్ళు తలొంచుకుని విని, అమ్మకం మాత్రం రద్దు చేసుకోలేదు. ఈ కథ మెట్ల మీద చెప్తే ఫ్రావ్ గుర్విచ్ కుర్చీలోంచి ముందుకి వంగింది, మాలో కూడా అమ్మేవాళ్ళు, పేర్లు మార్చేవాళ్ళు, మృత్యుదూత చిరునామా కనుక్కోలేక పోవాలి, అంతే, అంది. "నా పూర్తి పేరు బెల్లా ఆల్టె. నాకు ముందు ఇద్దరు పోయారు. నన్ను పొత్తిళ్ళలోనే ఆల్టె అన్నారు, అంటే ముసలిది. పసిపిల్ల కోసం వచ్చినవాడు ముసలిదాన్ని చూసి వెళ్ళిపోతాడు. పుట్టినప్పట్నుంచీ ముసలిదాన్నే నేను. పనిచేసిందో లేదో నువ్వే చూడు." మాలో కూడా ఆ పేరుంది, ముసలమ్మ అన్నాను. మరుసటివారం మా గుమ్మం ముందు ఓట్ తవుడు ప్యాకెట్ ఉంది, సూపర్‌మార్కెట్ తవుడు, మీద గులాబీరంగు అక్షరాల్లో పీచుపదార్థం గురించి ఏదో రాసి ఉంది, ఆమె తన తలుపు సందులోంచి, "కొనేశాను. ఇప్పుడు నీ కడుపులోది నాది. పుట్టాక చూద్దాం, ఇవ్వాలనిపిస్తే ఇస్తా." ఇద్దరం నవ్వాం. ప్యాకెట్ వంటింటి గట్టు మీద పెట్టాను. ఇవాళ పొద్దున నథానియేల్, రవ్వ సరిపోలేదని, పాపం ఆయనకేం తెలుసు, అది విప్పి ఉప్మాలో పోసేశాడు. ఆరోగ్యమే కదా అన్నాడు. నేను సగం తిన్నాక ఖాళీ కవరు చూశాను. ఆ బేరం సంగతి ఆయనకి దారిలో, కార్లో చెప్పాను.

టకటక టకటక. ఒక్క గుట్ట లేవదేం.

ఫోన్. "దారిలో సూపర్‌మార్కెట్ చూశాను. అదే ప్యాకెట్ ఇంకోటి కొనుక్కొచ్చి గట్టు మీద పెట్టెయ్యనా? అంత ముఖ్యమని నాకు చెప్పొచ్చుగా సూజీ." ఆయనలోనూ ఉంది ఆ గది.

అసలు భయం తవుడు కాదు. అసలు భయం ఆ తర్వాత ఒకరోజు ఫ్రావ్ గుర్విచ్ చెప్పింది. గిల్గుల్ అంది, దొర్లడం అని అర్థమట, ఆత్మ ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి దొర్లుతుందట. నేను నవ్వాను, మా ఊళ్ళో సగం మందికి ఇది కొత్త కాదు ఫ్రావ్ గుర్విచ్, మా చర్చివాళ్ళం మాత్రమే ఒకసారి పుట్టి ఒకసారి పోతాం. "ఎందుకు మళ్ళీ పుడతారంటారు మీ ఊళ్ళో?" చేసింది అనుభవించడానికి, ఆ తిరగడంలోంచి ఎలాగో బయటపడటానికి. ఆమె తల అడ్డంగా ఊపింది. "మా నాన్న చెప్పింది వేరు. ఆయన పగలు బడిలో లెక్కలు చెప్పేవాడు, ఇది మాత్రం వంటింట్లో, కిటికీలు మూసి, గొంతు తగ్గించి చెప్పేవాడు. జైలుకి పంపినట్టు పంపరు. పని మిగిలిందని పంపుతారు. లోకం ఎక్కడో చిట్లింది, ప్రతి ఆత్మకీ బాగుచెయ్యాల్సిన ముక్క ఒకటుంది, కొందరు పూర్తి చెయ్యకుండానే పోతారు, వాళ్ళని మళ్ళీ పంపుతారు. పెద్ద పనేం కానక్కర్లేదు. ఎవరికో ఒకరికి ఒకసారి మంచినీళ్ళివ్వడం కావచ్చు. ఏ పనికొచ్చావో మాత్రం నీకు చెప్పరు, అదే చిక్కు." బావుంది, అనుకున్నాను, మెట్ల మీద ఎండ పడుతోంది, నాకది బావుంది, శిక్ష కాకుండా పని. ఆ వెంటనే నా నోటినుంచి వచ్చేసింది: మరి రెండు రోజులే ఉన్నవాళ్ళు?

ఆమె మాస్కు సర్దుకుంది. "కొందరికి కొంచెమే మిగిలుంటుందనేవాడు. అది పూర్తికాగానే వెళ్ళిపోతారు. అంత శుభ్రమైన ఆత్మలు. నాకు తెలీదమ్మాయీ. మందులమ్ముకున్నదాన్ని. ఇంకా అడగాల్సింది, నేను అడిగే వయసొచ్చేసరికి ఆయన లేడు."

తలుపు వేసుకున్నాను ఆరోజు. గట్టిగానే వేశాను. ఫెలిషా పోయినప్పుడు పాస్టర్ జూమ్‌లో అన్నాడు దేవుడు తన తోటకి పువ్వు కోసుకున్నాడని, మా వీధి కౌసల్యగారు అమ్మతో అంది ఏ జన్మలో చేసుకున్నదోనని, ఇప్పుడు ఇది, పని అయిపోయి వెళ్ళిందని. పువ్వా, పాపమా, పనా. అందరూ నా కూతురికి ఏదో ఒక ఉద్యోగం ఇప్పించాలనే చూస్తున్నారు. ఉన్న రెండు రోజులూ ఆసుపత్రి గాజుపెట్టెలో ఆమెకి ఏ పనీ లేదు, ముక్కులో గొట్టం ఉంది, గాజుకి గుండ్రటి కన్నం ఉంది, అందులోంచి చెయ్యి పెట్టనిచ్చారు, నా చూపుడువేలు పట్టుకుంది. చాలా గట్టిగా పట్టుకుంది. అంత చిన్న పిడికిలిలో అంత బిగువు ఎక్కణ్ణుంచొచ్చిందో. అదేనా పని. నా వేలు పట్టుకోవడానికా అంత దూరం నుంచి దొర్లుకుంటూ వచ్చింది. ఆ పని నాకా మిగిలి ఉంది, ఆమెకా. ఈ ప్రశ్న దగ్గర నా చదువు ఆగిపోతుంది, ప్రతిసారీ ఇక్కడే ఆగిపోతుంది, వేలు మాత్రం ఆగదు, ఇప్పుడు కూడా చూపుడువేలు వెచ్చగా ఉంది, మిగతా నాలుగూ చల్లగా.

అప్పట్నుంచీ రోజూ రాత్రి ప్రార్థనలో తడబడుతున్నాను. మంచి బిడ్డనివ్వు ప్రభువా, అనడం అలవాటు, నోరు అలవాటుగా అంటుంది, మనసు వెంటనే వద్దు వద్దంటుంది. శుభ్రమైన ఆత్మ వద్దు. పని అయిపోవచ్చినది వద్దు. ఎన్నిసార్లు పంపినా ఏదీ పూర్తి చెయ్యనిదాన్ని పంపు. బద్ధకస్తురాలిని, మొండిదాన్ని, మాట ఇచ్చి మరిచిపోయేదాన్ని, అందరితో తగువులాడి ఎవరితోనూ రాజీపడకుండా పోయినదాన్ని, ఎవరికీ ఒక్కసారి కూడా మంచినీళ్ళివ్వనిదాన్ని పంపు, చిట్లిన ముక్కల్లో అన్నిటికంటే పెద్దది దాని వాటాకి వెయ్యి, అది బాగుచెయ్యడానికి ఒక మనిషి జీవితం బొటాబొటిగా సరిపోవాలి. ఏ తల్లీ ఇలా కోరుకోదు. మా అమ్మ వింటే నాకే నూనె రాసి ప్రార్థన చేయిస్తుంది.

చప్పుడు ఆగిపోయింది.

ఆగిపోయింది. మిషన్‌లో గాలి ఊదినట్టు బుస, అంతే. గుర్రం లేదు. తెరమీద అంకె ఉండాల్సినచోట రెండు గీతలు. తల ఎత్తాను, పిలిచే బటన్ ఎటువైపుందో చేతికి తెలియలేదు, పొగగొట్టం, ఆకాశం, స్క్రూల కవరు, స్క్రూల కవరు ఎక్కడ పెట్టాడు, ఇంకోసారి విప్పాల్సిన మంచం కూడా లేదుకదా ఇంట్లో, ఏమీ కొనలేదుకదా, మరి ఏం చూసి తెలుసుకున్నాడు ఆ మృత్యుదూత, పేరు లేదు, మంచం లేదు, చిరునామా ఎవరిచ్చారు. బటన్ దొరికింది. మిడ్‌వైఫ్ వచ్చింది, పరుగెత్తలేదు, బెల్టు పక్కకి జరిగిందంతే అంది, జెల్ మీద ఆ గుండ్రటి బిళ్ళని కిందికి జరిపింది, ఇంకా కిందికి, బుస, బుస, టకటక. టకటక టకటక. నా కళ్ళలోంచి నీళ్ళు మాస్కులోకి పోయాయి. "చల్లటి నీళ్ళు తెస్తాను, ఒక్కోసారి చల్లదనానికి లేస్తారు," అని వెళ్ళింది. గీత ఇంకా చదునే.

ఫోన్ మోగింది. ఫ్రావ్ గుర్విచ్.

"ఎక్కడున్నావ్? బెల్లు కొట్టాను, ఎవరూ తియ్యలేదు. సూప్ గుమ్మంలో చల్లారిపోతోంది."

"ఆసుపత్రిలో. కదలడం లేదు."

ఆమె ఊపిరి వినిపించింది.

"ఫ్రావ్ గుర్విచ్, మేం ఆ తవుడు తినేశాం."

"ఏం చేశారు?"

"మా ఆయనకి తెలీదు. ఉప్మాలో వేసేశాడు. నేను కూడా తిన్నాను."

ఏదో పెద్ద చప్పుడు, దగ్గు అనుకున్నాను, నవ్వు. "బావుందా?"

"ఉప్పెక్కువైంది."

"విను. నేను బతుకంతా కౌంటర్ వెనక కూర్చున్నదాన్ని, బేరం సంగతి నాకు తెలుసు. ధర ప్యాకెట్‌లో ఉన్నంతసేపూ నువ్వు తిరిగిచ్చెయ్యొచ్చు, మనసు మారిందనొచ్చు. తినేసింది ఎలా తిరిగిస్తావ్? బేరం ఇవాళే ఖాయమైంది. ఇక పిల్ల నాది. ఎవడైనా వస్తే, ఇది మూడో అంతస్తు గుర్విచ్‌ది, ఆవిడతో మాట్లాడుకో అని చెప్పు. మా ఇద్దరికీ పాత పరిచయమే. వింటున్నావా?"

"వింటున్నా."

"పేరు పెట్టారా?"

"లేదు. మీరు వద్దన్నారుగా."

"ఆ రోజు చెప్పావే, మీ భాషలో ఆల్టెని ఏమంటారు? దాంతో పిలువు."

మిడ్‌వైఫ్ చల్లటి గ్లాసు నా చేతికిచ్చింది. ఒక గుక్క తాగాను. ముసలమ్మా, అన్నాను. గొంతులోంచి గాలి వచ్చింది, మాట రాలేదు. "గట్టిగా! అలా పిలిస్తే నా సరుకుకి వినపడదు!" ఫోన్‌ని స్పీకర్‌లో పెట్టి పొట్ట మీద ఆనించాను, ఎందుకలా చేశానో తెలీదు, చెర్నివ్‌త్సీ గొంతు నా నరసాపురం మాటని నమిలి నమిలి అరిచింది, మూసాలమ్మా, మూసాలమ్మా, నేను కూడా అరిచాను, మా తవుడమ్మ నాయనమ్మ పెరట్లో కోళ్ళని అదిలించే గొంతుతో, లే ముసలమ్మా, లేవే, ఎంత పనుందో చూడు, ఎంత పని మిగిల్చి పడుకున్నావో చూడు.

గుర్రం దూకింది.

ముందు కుడివైపు తన్ను, తర్వాత చప్పుడు, టకటకలన్నీ ఒకదానిమీద ఒకటి ఎక్కేశాయి, మిడ్‌వైఫ్ కాగితం వైపు వంగింది, సూది పైకి, ఇంకా పైకి, గుట్ట. ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. నవ్వితే కళ్ళు అలా అవుతాయని ఈ ఏడాదిలో నేర్చుకున్నాను. "ఇలాంటివి ఇంకొన్ని కావాలి నాకు," అంది. స్పీకర్‌లోంచి, "ఏమైంది? ఏమైంది?" లేచింది, అన్నాను. "లేవక! ఎవరిదనుకున్నావ్," అంది ఫ్రావ్ గుర్విచ్, ఫోన్ పెట్టెయ్యలేదు, ఏదో పాత మాటలు గొణుగుతోంది, నాకు అర్థంకాని భాషలో, వంటింట్లో కిటికీలు మూసిన గొంతుతో.

"నేనిందాక తప్పు చెప్పాను," అన్నాను మిడ్‌వైఫ్‌తో. "ఇది మొదటిది కాదు. రెండోది."

"తెలుసు. మీ ముటర్‌పాస్‌లో ఉంది."

"అందులో ఉంటే చాలదు. నేను చెప్పాలి. మొదటిదాని పేరు ఫెలిషా."

ఆమె గీత మీదినుంచి చూపు తిప్పింది. "ఫెలిషా," అంది, మాస్కు వెనక నుంచి, జాగ్రత్తగా, ఎక్కడ నొక్కాలో తెలియక రెండుచోట్లా నొక్కి. ఈ ఊళ్ళో ఆ పేరు ఇంకొకరి నోట వినడం ఇదే. పక్కన కూర్చోబెట్టాను అమ్మా, దాన్ని దీని పక్కన నేనే కూర్చోబెట్టాను. అక్క కదా. వేలెలా పట్టుకోవాలో నేర్పిస్తుంది. చూపుడువేలు ఇంకా వెచ్చగానే ఉంది, గ్లాసు చల్లదనం దానికి అంటలేదు. గుర్రం మళ్ళీ దూకింది, ఈసారి ఎవరూ పిలవకుండానే.

ఫోన్ తెరమీద, ఆమె గొణుగుడు పైన, ఇంకో మెసేజ్ వచ్చి నిలబడింది. "సూజీ, ఏమైంది? కార్లో కూర్చోలేకపోతున్నా. వెళ్ళి తవుడు కొనుక్కొచ్చెయ్యనా? తిరిగి ఇచ్చేద్దామా ఆవిడకి?"

వద్దండీ, అని కొట్టాను. అమ్మేశాం. ఆవిడ దగ్గరే ఉండనీండి, చాలా ఏళ్ళు.